ఆగమని చెప్పే అంగడి

పుంగనూరు బస్టాండు దాటి మదనపల్లె రోడ్డులో నాలుగడుగులు వేస్తే, చెప్పుల అంగడికీ మందుల అంగడికీ మధ్య ఇరుక్కుని ఒక చిన్న గది కనిపిస్తుంది. బోర్డు మీద ‘వజీర్ గేమ్స్’ అని ఉంటుంది. ఊళ్లో కుర్రకారు మాత్రం దాన్ని ‘ఆగప్పా అంగడి’ అంటారు. డబ్బు చేత్తో పట్టుకుని ఫలానా వీడియో గేమ్ కొనిపెట్టమని ఎవరు వెళ్లినా వజీర్ నోట మొదట వచ్చే మాట అదే మరి.

“ఆగప్పా. అంత తొందర యాల? నెలకంతా ధర దిగుతాది.”

అమ్మేవాడే కొనొద్దని బతిమాలే అంగడి ఈ చుట్టుపక్కల ఇంకొకటి లేదు. ఉంటే అదీ ఈపాటికి మూతపడే ఉంటుంది. వజీర్ అంగడి మూతపడకపోవడానికి కారణం వజీర్ కాదు, ఇంట్లో అతని భార్య అస్మా కుట్టే కుట్టుమిషన్. ఆ సంగతి అస్మా వారానికి రెండుసార్లయినా గుర్తు చేస్తుంది. “అజీ, అంగడి పెట్టింది అమ్మేదానికా, ఆపేదానికా?” అంటుంది. వజీర్ నవ్వేసి టీ తాగి వెళ్లిపోతాడు.

అతనికి నలభై ఏడేళ్లు. ఇప్పుడు ఆటలు డిస్కుల్లో రావు కదా, ఆన్‌లైన్ స్టోర్‌లో డబ్బు కట్టి కంప్యూటర్‌లోకి దించుకోవాలి. కార్డు లేనివాళ్లూ, ఉన్నా ఆ ఇంగ్లీషు పేజీల్లో నంబరు కొట్టడానికి జంకేవాళ్లూ వజీర్ దగ్గరికి వస్తారు. మదనపల్లె టమోటా యార్డులో లెక్కలు రాసే గుమాస్తాలు వస్తారు. కుప్పం కాలేజీ విద్యార్థులు కూడా వస్తారు. వాళ్ల పేరు మీద ఆట కొని, దించి, నడుస్తోందో లేదో చూసి ఇస్తాడు. దానికి ఇరవై రూపాయలు తీసుకుంటాడు. ఆ ఇరవై కోసం గంటసేపు ధర్మాధర్మాలు మాట్లాడతాడు.

ఈ పట్టుదల తల్లి నుంచి వచ్చింది. మైమూన్ బీ గాజులమ్మి పిల్లల్ని పెంచింది. గాజులు గుచ్చే మలారంలో పోయినేటివి ఒక పక్కన, కొత్తవి ఒక పక్కన కట్టుకుని ఊరూరా తిరిగేది. పాతవాటి మీద ఎవరైనా మనసు పడితే, “ఇవి పోయినేటివమ్మా, వీటికి సగమే ఇయ్యి” అని తానే చెప్పేది. తోటి గాజులవాళ్లు ఆమెను పిచ్చిదాని కింద జమకట్టారు. వజీర్ ఇరవై ఐదేళ్ల వయసులో రెండు పాత కంప్యూటర్లతో గేమ్ సెంటర్ పెట్టి, పక్కనే డిస్కులు కూడా అమ్మడం మొదలుపెట్టినప్పుడు అదే పిచ్చిని అంగట్లోకి తెచ్చుకున్నాడు. ఆట వచ్చిన ఏడాది ఒక ధర, ఆపైన ఏడాదికి ఐదో వంతు తరుగు. ఐదేళ్లు దాటిన డిస్కు ఏదైనా సరే, యాభై రూపాయలు. బేరం లేదు. బేరమాడబోతే కోపం వచ్చేది.

డిస్కుల కాలం పోయాక అతనికి మింగుడుపడనిది ఒక్కటే. కంప్యూటర్‌లోకి దించుకునే ఆట అరిగేది కాదు, గీతలు పడేది కాదు, గోదాములో చోటు అడిగేది కాదు. అయినా పదేళ్ల కిందటి ఆట ఒక రోజు రెండు వేలు, పండగ సేల్‌లో రెండు వందలు, మర్నాడు మళ్లీ రెండు వేలు. ఏది అసలు ధర? “చేసినోళ్లకు కూలి దక్కాల్సిందే, నేను కాదన్నా? ఆట చేసినోళ్లు ఆ కంపెనీ యిడిసిపెట్టి పదేండ్లయింది. ఇప్పుడీ దుడ్డు యెవురికి పోతాండాది?” అని వచ్చినవాళ్లను నిలదీస్తాడు, వాళ్లేదో ఆ కంపెనీ పెట్టినట్టు.

ఇంకో బాధ కూడా ఉంది. డిస్కయితే ఆడుకున్నాక అమ్ముకోవచ్చు, చుట్టాలకివ్వచ్చు. ఇప్పుడలా కాదు. “మన పక్క ఆవును అమ్మినోడు పలుపుతాడు తన కాడ పెట్టుకుంటాడు, ఆవును తోలుకుపోనిస్తాడు. ఈ స్టోరోళ్లు తాడూ ఇయ్యరు, ఆవునూ కొట్టం దాటనియ్యరు. వచ్చి పాలు పిండుకోమంటారు, అంతే. దానికి నిండు ఆవు ధరనా?” ఈ మాట విని నవ్వనివాడు లేడు, కాదన్నవాడూ లేడు.

కిందటేడు ఆగస్టులో ఒక మధ్యాహ్నం ఈ అంగట్లోకి ఇంద్రాణి వచ్చింది. భుజాన లాప్‌టాప్ సంచి, నుదుట చెమట. కుప్పంలో కాపురం, రామకుప్పం పక్క పల్లెలో ప్రభుత్వ బడి టీచరు. కుప్పం నుంచి పుంగనూరుకు బస్సులో మూడు గంటలు పడుతుంది.

“గుర్తుపట్టినావా వజీరన్నా? నేను ఇంద్రాణి. నేనూ మా ప్రదీపూ నీ కాడికి వస్తాంటిమి, లారీల ఆటకు.”

వజీర్ ముఖం విప్పారింది. గుర్తులేకపోవడమేమిటి! ఆ రోజుల్లో అతని గేమ్ సెంటర్‌కు వచ్చిన ఆడపిల్ల ఆమె ఒక్కతే. పద్నాలుగేళ్ల పిల్ల పదకొండేళ్ల తమ్ముడి చెయ్యి పట్టుకుని వచ్చేది. ఆ ఆటకు ఇంగ్లీషులో పెద్ద పేరేదో ఉండేది. పుంగనూరుకంతా అది లారీల ఆటే. దాంట్లో ఒక్కరే ఆడే వీలు లేదు. ఒకే లారీకి ఇద్దరు మనుషులు, ఒకరి చేతిలో స్టీరింగు, ఇంకొకరి చేతిలో బ్రేకు. ఘాట్ రోడ్డు మీద స్టీరింగువాడు అరవాలి, బ్రేకువాడు వినాలి. లేకపోతే సరుకుతో సహా లోయలోకి పోవడమే. అంగడంతా ఈ అక్కాతమ్ముళ్ల అరుపులతో దద్దరిల్లేది.

“అది మళ్లీ కావాలన్నా. ఈ లాప్‌టాప్‌లో వేసియ్యి” అని ఆమె డబ్బు తీసి బల్ల మీద పెట్టింది. ఎందుకో ఆమే చెప్పింది.

నాలుగేళ్ల కిందట వాళ్లమ్మ మునిలక్ష్మమ్మకు కడుపులో పుండు పగిలింది. ఇవాళే కోయాలన్నారు డాక్టర్లు. హోసూరు ఫ్యాక్టరీలో ఉద్యోగం చేస్తున్న ప్రదీప్, తెల్లారేసరికి వచ్చేస్తాను, నేను వచ్చేదాకా ఆగమన్నాడు. ఇంద్రాణి ఆగలేదు, సంతకం పెట్టేసింది. తల్లి ఆపరేషన్ తర్వాత కళ్లు తెరవలేదు. కర్మ రోజు అందరి ముందూ ప్రదీప్ ఒకే మాటన్నాడు, “నేనొచ్చేదాకా ఆగలేకపోయినావా” అని. ఆ తర్వాత అక్కతో మాట్లాడనే లేదు. ఫోన్ చేస్తే ఎత్తడు. నవంబరు ఆఖర్లో మాత్రం కుప్పం రాక తప్పదు, తల్లి పేరు మీదున్న స్థలం కాగితాల్లో ఇద్దరి సంతకాలూ కావాలి.

“సంతకం పెట్టి అట్నే బస్సెక్కేస్తాడన్నా. శాంతకుమారి చిన్నమ్మ బలవంతం చేస్తే అన్నానికి ఇంటికొస్తాడేమో. మాటలంటే వాడు కూర్చోడు. ఈ ఆటుంటే ఒక్క గంట కూర్చుంటాడు. ఒక్క గంట సాలు నాకు.”

వజీర్ కంప్యూటర్ ముందుకు కుర్చీ లాక్కున్నాడు. వెంటనే స్టోర్ తెరిచాడు. లారీల ఆట వెయ్యిన్నీ తొమ్మిది వందల తొంభై తొమ్మిది. అది చూడగానే అతనిలో తల్లి మైమూన్ బీ లేచి కూర్చుంది.

“పద్దెనిమిదేండ్ల ఆటకు రెండు వేలా? పోయిన దీపావళికి నూటా తొంభై తొమ్మిదికి ఇచ్చినారమ్మా ఇది! నవంబరుకు ఇంకా శానా దినాలుండాది. దీపావళి దానికి ముందే వస్తాది. ఆగు.”

“వద్దులేన్నా. ఉండే ధరకే తీసెయ్యి.”

“నా చేత్తో ఆ ధరకు తియ్యను. టీచరమ్మవు, నీ దుడ్డు రాళ్లా?”

ఆమె డబ్బు తీసుకుని, లాప్‌టాప్ సంచిలో పెట్టుకుని వెళ్లిపోయింది. ఆమెకు వందలకు వందలు మిగిలిస్తున్నాననే సంతోషంతో వజీర్ ఆ పూట ఇంకో ఇద్దరిని కూడా వెనక్కి పంపాడు.

సెప్టెంబరులో మళ్లీ వచ్చింది. ధర రెండు వందలు తగ్గింది. “ఇది ఊరికే ఆశపెట్టే దిగుడు, ఆగు” అన్నాడు. దసరా సెలవుల్లో ఇంకోసారి వచ్చింది. ఈసారి ధర దిగకపోగా రెండున్నర వేలకు ఎక్కి కూర్చుంది. ఇంద్రాణి ముఖం వాడిపోయింది, వజీర్ ముఖం మాత్రం వెలిగింది. “ఎక్కించినారంటేనే దించబోతాండారని అర్థం. సేల్‌కు ముందర పెంచి, సగానికి సగం ఇస్తాండామని సాటుకుంటారు. దొంగ నాయాండ్ల తెలివి నాకు తెలీదా? పదైదు దినాలు ఆగమ్మా.” ఆమె డబ్బు బల్ల మీదే ఉంచబోయింది. అతను తీసి ఆమె చేతిలో పెట్టాడు. బస్సుకు ఆలస్యమవుతోందని ఆమె వెళ్లిపోయింది.

దీపావళి సేల్ మొదలైన పొద్దున వజీర్ టీ కూడా తాగకుండా అంగడి తెరిచి స్టోర్ చూశాడు. లారీల ఆట బొమ్మ ఉంది. దాని కింద ధర లేదు, కొనే బటన్ లేదు. ఆటలో వినిపించే పాటల ఒప్పందం గడువు తీరిందట, అందుకని ఇకమీదట అమ్మరట. రెండు ముక్కల్లో రాసి పెట్టారు.

అతను ఆ రెండు ముక్కలూ నాలుగుసార్లు చదివాడు. తరుగు లెక్క తెలిసిన మనిషే అతను, తల్లి మలారంలో పాత గాజులు ఎప్పటికీ ఒక పక్కన ఉండనే ఉండేవి. పాత సరుకు చవకవుతుంది గానీ ఒక పొద్దున అంగట్లోంచి మాయమైపోతుందని అతనికి తోచనే లేదు. తన బుద్ధి మీద తనకు అంత అసహ్యం ఎన్నడూ వేయలేదు.

ఇంద్రాణికి చెప్పే ధైర్యం రాలేదు. మూడు వారాలు పాత డిస్కు కోసం వెతికాడు. పుంగనూరులో తాను అమ్మినవాళ్ల ఇళ్లకు వెళ్లి అడిగాడు. ఒకరింట్లో దొరికింది, టీ గ్లాసు కింద పెట్టుకుంటున్నారు, నడిమికి చీలి ఉంది. నవంబరు నాలుగో వారంలో ఇంద్రాణే ఫోన్ చేసింది.

“అన్నా, ధర దిగిందా? వాడు ఎల్లుండొస్తాండాడు.”

వజీర్ జరిగింది చెప్పాడు. ఆమె తిడుతుందని కాచుకున్నాడు.

“తక్కువకు కావాలని నేనడిగినానా అన్నా?” అంది. గొంతు పెంచలేదు. “మూడు తూర్లు దుడ్డు తెచ్చి నీ ముందర పెట్టినా. అమ్మ కాడ నేను ఆగలేదని వాడు మాట్లాడ్డం మానేసినాడు. ఈసారి ఆగినా. నువ్వు చెప్పినావని ఆగినా.”

ఫోన్ పెట్టేసింది. వజీర్ అంగడి షట్టరు దించి, అక్కడికక్కడే మదనపల్లె బస్సెక్కాడు. అక్కడ అతని పిన్ని కొడుకు మోసిన్‌కు కంప్యూటర్లు రిపేరు చేసే అంగడి ఉంది. మోసిన్ అయిదు నిమిషాలు విన్నాడు, తల గోక్కున్నాడు.

“భాయ్, అమ్మడం ఆపినారు సరే. ముందే కొన్నోళ్ల కాడ ఉంటాది కదా? నువ్వు ప్రతి సేల్‌లోనూ కొంటావే, నీ అకౌంట్‌లో సూసినావా?”

వజీర్ చూడలేదు. చూడాలని తట్టలేదు. సంగతేమిటంటే, ఊరందరినీ కొనొద్దని ఆపే వజీర్, చవగ్గా వచ్చిన ఆటల్ని పదేళ్లుగా తాను మాత్రం కొని పడేస్తున్నాడు. మూడు వందలకు పైగా ఉన్నాయి. వాటిలో పట్టుమని పది కూడా ఆడలేదు. అస్మాకు ఈ సంగతి తెలియదు, తెలిస్తే ఏమవుతుందో రాయనక్కర్లేదు. మోసిన్ కంప్యూటర్‌లో తన అకౌంట్ తెరిచి కిందికి జరుపుతూ పోయాడు. ఎనిమిదేళ్ల కిందట అయిదు ఆటలు కలిపి నలభై తొమ్మిది రూపాయలకు కొన్న ఒక కట్టలో, మూడోది లారీల ఆట.

అన్నదమ్ములిద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. ఉంది, కానీ ఇవ్వడానికి లేదు. ఆ అకౌంట్‌లోది ఇంకొకరి అకౌంట్‌లోకి మార్చడానికి స్టోర్ ఒప్పుకోదు. తన పాస్‌వర్డు ఇంద్రాణికి చెప్పవచ్చు గానీ, అంత పెద్ద ఆట కుప్పంలో ఆమె ఇంటి నెట్ మీద ఎల్లుండికి దిగుతుందనే నమ్మకం లేదు. పైగా ఇది ఫోన్‌లో చెప్పి చేతులు దులుపుకునే పని కాదని వజీర్‌కు అనిపించింది.

మర్నాడంతా అంగట్లో కూర్చుని తన కంప్యూటర్‌లోకి ఆట దించాడు. ఆ పై రోజు పొద్దున సీపీయూను దుప్పట్లో చుట్టి, రెండు జాయ్‌స్టిక్‌లు, టీవీకి తగిలించే వైరు సంచిలో వేసుకుని కుప్పం బయలుదేరాడు. పలమనేరులో బస్సు మారేటప్పుడు మూటను చంటిపిల్లలా ఎత్తుకున్నాడు. కండక్టరు లగేజీ టికెట్టు అడిగాడు. “ఏముండాది దాంట్లో?” “లారీ” అన్నాడు వజీర్, నవ్వే స్థితిలో లేకపోయినా.

సంతకం పని ముగించి ముందే ఇల్లు చేరిన ఇంద్రాణి తలుపు తీసి మూటనూ మనిషినీ చూసింది. టీవీ దగ్గరున్న కుర్చీ పక్కకు జరిపింది.

ఒంటిగంటకు శాంతకుమారి వెంట ప్రదీప్ వచ్చాడు. చెయ్యి కడుక్కున్నాడు, తల వంచుకుని అన్నం తిన్నాడు. వడ్డిస్తున్న అక్క వైపు చూడలేదు. లేచి చెప్పులేసుకోబోతూ టీవీ పక్కనున్న మనిషిని చూశాడు.

“వజీరన్నా! నువ్వేంది ఈడ?”

“మీయక్క ఆట కావాలంటే తెచ్చినాలే. నడస్తాదో లేదో సూడాల. దీనికి ఇద్దరు కావాల కదప్పా, నాకు స్టీరింగు చేతగాదు. నువ్వు రా.”

తెర మీద పాత ఎర్ర లారీ నిలబడి ఉంది. ప్రదీప్ గడియారం చూసుకున్నాడు, మూడు గంటల బస్సు. చెప్పులు విడిచి వచ్చి చాప మీద కూర్చుని స్టీరింగు తీసుకున్నాడు. ఇంద్రాణి మూర దూరంలో కూర్చుని బ్రేకు తీసుకుంది.

లారీ రెండో మలుపులోనే లోయలో పడింది. మళ్లీ మొదలుపెడితే మళ్లీ పడింది. స్టీరింగువాడు నోరు మెదపడు, బ్రేకు ఎప్పుడు వేయాలో ఆమెకు తెలియదు. మూడోసారీ పడింది. శాంతకుమారి వంటింట్లోకి వెళ్లిపోయింది. నాలుగోసారి లారీ అంచు మీదికి జారుతుంటే ప్రదీప్ అదాటున అరిచాడు.

“బ్రేకు! బ్రేకక్కా!”

ఆమె వేసింది. లారీ అంచు మీద ఆగింది. నాలుగేళ్ల తర్వాత నోట్లోంచి వచ్చిన ఆ పిలుపుకు ప్రదీపే ఉలిక్కిపడ్డాడు. తెర మీంచి చూపు తిప్పకుండా, ఏదో ఒకటి మాట్లాడాలన్నట్టు వజీర్‌ను అడిగాడు.

“ఇంత పాత ఆట, ఇప్పుడెంతన్నా ఇది?”

ధర అడిగితే అబద్ధం చెప్పడం వజీర్‌కు రాదు. “ఇప్పుడు యే ధరకూ దొరకదప్పా. మొన్నటిదాకా రెండు వేలు, రెండున్నర వేలు అంటాండిరి. మీయక్క మూడు తూర్లు దుడ్డు తెచ్చింది, లాప్‌టాప్ మోసుకుని కుప్పం నుంచి బస్సులో. దోపిడీ ధరమ్మా అని నేనే తిప్పి పంపినా. తప్పు నాదే.”

“రెండు వేలా? దీనికా?” ప్రదీప్ ఇప్పుడు అక్క వైపు తిరిగాడు. “యాల?”

ఇంద్రాణి జాయ్‌స్టిక్ కేసి చూస్తూ ఉంది. “ఒక గంట కూర్చుంటావని.”

లారీ దానంతటది జారుకుంటూ పోయి లోయలో పడింది. ఎవరూ చూడలేదు.

“ఒక ఫోన్ చేసింటే వస్తాంటి కదక్కా.”

“ఎత్తుతాంటివా?”

ప్రదీప్ కళ్లలో నీళ్లు తిరిగాయి. “ఎత్తేవాణ్ణి కాదు” అన్నాడు. అరచేత్తో ముఖం తుడుచుకుని, చాప మీద కొంచెం ఇటు జరిగి కూర్చున్నాడు. “నువ్వు మళ్లీ పెట్టన్నా.”

మూడు గంటల బస్సు వెళ్లిపోయింది. నాలుగింటికి వజీర్ తన బస్సు కోసం లేచి వైర్లు తీయబోతే, ప్రదీప్ అతని చెయ్యి పట్టుకుని ఆపాడు. సోమవారం దాకా సెలవు పెడతాననీ, కంప్యూటర్ అప్పటిదాకా ఉంచితే తానే పుంగనూరు తెచ్చిస్తాననీ అన్నాడు. వజీర్ ఖాళీ సంచి భుజాన వేసుకున్నాడు. పొద్దున్నుంచి గుండెల మీదున్న బరువు దిగినట్టయింది.

ఇంద్రాణి గేటు దాకా వచ్చి పర్సు తెరిచింది. “ఈసారి ఆగమని చెప్పొద్దు. ఎంతియ్యాల చెప్పన్నా.”

పుంగనూరు నుంచి కుప్పం దాకా ఏ పాత ఆటకు ఎంత తగునో నిద్రలో లేపి అడిగినా చెప్పగల మనిషి, ఖాళీ సంచిని ఒక భుజం నుంచి ఇంకో భుజానికి మార్చుకున్నాడు. లోపల్నుంచి ప్రదీప్ కేకేశాడు. “అక్కా, రా బిన్నా, తొందరగా! బ్రేకు పట్టుకునేదానికి ఎవురూ లేరు!”

“నాకు తెలీదమ్మా” అన్నాడు వజీర్. “పో, పిలస్తాండాడు.”